తుప్పు ట్యాంకు, తెల్లబడ్డ ప్లగ్గు, కదలని స్క్రూ: పాత బండ్ల ప్రశ్నలు

ప్రశ్న: ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న బండిని ఇంట్లోనే విప్పాను. పెట్రోలు ట్యాంకు లోపలంతా తుప్పు పెచ్చులు. యాసిడ్‌తో కడిగి లైనర్ పూత వేసేస్తే సరిపోతుందంటున్నారు. బయటి పెయింటు పాతదే, అది పోకూడదు. ఏం చేయమంటారు?

జవాబు: బాత్రూములు కడిగే యాసిడ్ వద్దు. అది తుప్పుతో ఆగదు, రేకును కూడా తింటుంది. దాని ఆవిరికి పక్కనున్న పనిముట్లన్నీ తుప్పు పడతాయి. నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, నెమ్మదిగానైనా ఈ పని శుభ్రంగా చేస్తుంది.

ముందు మూత, పెట్రోల్ కాక్, లోపల ఫ్లోటు ఉంటే అదీ తీసేయండి. అల్యూమినియం, జింకు భాగాలను నిమ్మ ఉప్పు నీళ్లు కొరికేస్తాయి. కింది రంధ్రాలకు రబ్బరు బిరడాలు బిగించి, పెయింటు మీద ప్లాస్టిక్ షీటు చుట్టండి. పెచ్చులు గట్టిగా ఉంటే సన్నటి గొలుసుకు తీగ కట్టి లోపలికి వదిలి, కాసిని నీళ్లు పోసి ట్యాంకును ఊపండి. విడి నట్లు వేస్తే ఏదో ఒకటి మూలలో ఇరుక్కుని బయటికి రాదు.

లీటరు వేడినీళ్లకు 60 నుంచి 80 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి మెడ అంచు దాకా నింపండి. సగమే నింపితే పైకప్పు తుప్పు అలాగే ఉండిపోతుంది. మూత బిగించకండి, మంట దగ్గరికి రానివ్వకండి: లోపల హైడ్రోజన్ పుడుతుంది. 12 గంటలకోసారి చూడండి. మామూలుగా ఒక రోజులో బూడిదరంగు రేకు బయటపడుతుంది. ఇంకా బాగా పోతుందని రోజుల తరబడి వదిలేస్తే రేకు పలచబడుతుంది.

చాలామందికి పని చెడేది ఆ తర్వాతే. కడిగిన రేకు తడిగా ఉంటే నిమిషాల్లోనే పసుపు తుప్పు ఎక్కుతుంది. అందుకే నీళ్లు, గుడ్డలు, స్పిరిట్ అన్నీ సిద్ధం చేసుకున్నాకే ఖాళీ చేయండి. లీటరుకు 30 గ్రాముల వంట సోడా కలిపిన నీళ్లతో ఒకసారి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, వెంటనే అర లీటరు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి అన్ని వైపులకూ తిప్పి వంచేయండి. మిగిలిన తేమను అది తనతో లాక్కుపోతుంది. దాని వాసన పూర్తిగా పోయేదాకా ఆరుబయటే ఆరనివ్వాలి. వేడిగాలి ఆ తర్వాతే. చివరగా కాస్త టూ-స్ట్రోక్ ఆయిల్ లోపలంతా పట్టించండి.

లైనర్ సంగతి: రేకుకు సూది బెజ్జాలు లేకపోతే వేయవద్దనే మా సలహా. నూనె, తేమ ఏ కాస్త మిగిలినా పూత అంటుకోదు. కొన్ని రకాలు ఇథనాల్ కలిసిన పెట్రోలుకు మెత్తబడతాయి కూడా. ఊడిన పొరలు పెట్రోల్ కాక్‌లో అడ్డం పడితే మళ్లీ అంతా గీకాల్సిందే. బెజ్జాలుంటే మాత్రం ఇంట్లో వెల్డింగ్ పెట్టకండి. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి చాలు, పేలడానికి.

ప్రశ్న: కేఫ్ రేసర్‌గా (పాతకాలపు రేసు బండి రూపంలోకి) మారుస్తూ ఎయిర్ బాక్స్ (ఫిల్టర్ ఉండే డబ్బా) తీసేసి కోన్ ఫిల్టర్, పొట్టి సైలెన్సర్ పెట్టాను. ఐడిలింగ్ బాగుంది కానీ సగం థ్రాటిల్ దగ్గర బండి అందుకోదు, వదిలితే సైలెన్సర్లో టపటపమంటుంది. ప్లగ్గు తెల్లగా ఉంది. మెయిన్ జెట్ పెంచితే సరిపోతుందా?

జవాబు: మిశ్రమం పలచబడింది, అంటే గాలికి తగినంత పెట్రోలు అందడం లేదు. ఎయిర్ బాక్స్ గాలిని కొంత అడ్డగించడం వల్లే కార్బొరేటర్ గొంతులో జెట్టు (పెట్రోలును కొలిచి వదిలే సన్నటి రంధ్రం) నుంచి పెట్రోలును లాగే పీలుపు ఎక్కువగా ఉండేది. అడ్డు పోయింది, జెట్టు పాతదే ఉంది.

జెట్టు కొనేముందు ఇన్‌టేక్ రబ్బరు (కార్బొరేటర్‌ను ఇంజనుకు కలిపేది) చూడండి. ఐడిలింగ్‌లో ఉండగా దాని చుట్టూ కొద్దిగా సబ్బునీళ్లు చల్లితే ఇంజను వేగం మారిందా, అక్కడ గాలి దూరుతోంది. అది కట్టకుండా ఏ జెట్టు వేసినా లెక్క కుదరదు.

ఇక థ్రాటిల్ గ్రిప్ మీద టేపు అంటించి పావు, సగం, ముప్పావు గీతలు పెట్టుకోండి. పావు దాకా పెట్రోలును నిర్ణయించేవి పైలట్ జెట్ (ఐడిలింగ్‌కు పెట్రోలిచ్చే చిన్న జెట్టు), స్లైడ్ (గ్రిప్ తిప్పితే లేచే తలుపు) అడుగున ఉండే కోత. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్ (స్లైడ్‌కు వేలాడే సూది). ఆపైన మెయిన్ జెట్. మీ బండి తడబడుతున్నది నీడిల్ పరిధిలో. అయినా ముందు మెయిన్ జెట్ నుంచే మొదలుపెట్టండి, దాని ప్రభావం నీడిల్ పరిధిలోకీ వస్తుంది కాబట్టి. జెట్టు నంబరు 100 ఉంటే 110తో మొదలుపెట్టి, ఫుల్ థ్రాటిల్‌లో బరువుగా, ముక్కుతూ లాగితే ఒక్కో సైజు తగ్గించుకుంటూ రండి. చిక్కటి వైపు నుంచి కిందికి రావాలే గానీ పలచటి వైపు నుంచి పైకి కాదు. టూ-స్ట్రోక్ అయితే ఈ మాట మరీ ముఖ్యం, పలచటి మిశ్రమానికి పిస్టన్ పట్టేస్తుంది. తర్వాత నీడిల్ క్లిప్‌ను ఒక గాడి కిందికి దించండి. నీడిల్ లేచి పెట్రోలు పెరుగుతుంది. ఒకసారికి ఒక్క మార్పే చేయండి, రాసిపెట్టుకోండి.

చివర్లో కార్బొరేటర్ మీదుండే మిశ్రమం స్క్రూ. అది ఇంజను వైపు ఉంటే సాధారణంగా పెట్రోలు స్క్రూ, విప్పితే చిక్కబడుతుంది. ఫిల్టర్ వైపు ఉంటే గాలి స్క్రూ, బిగిస్తే చిక్కబడుతుంది. టపటప చాలావరకు ఇక్కడే తగ్గుతుంది. తగ్గకపోతే సైలెన్సర్ జాయింటు లీకు చూడండి.

మీది సీవీ కార్బొరేటర్ (ఇంజను పీలుపుతో స్లైడ్ దానంతటదే లేచే రకం) అయితే మరో సంగతి. దాని నోటి అంచున చిన్న గాలి రంధ్రాలుంటాయి. కోన్ ఫిల్టర్ రబ్బరు పెదవి వాటిని మూస్తే ఎన్ని జెట్లు మార్చినా బండి దారికి రాదు. ముందు అది చూడండి.

ప్రశ్న: పాత జపాన్ బండి ఇంజను కవరు స్టార్ స్క్రూలు తల అరిగిపోతున్నాయి కానీ కదలడం లేదు.

జవాబు: అవి ఫిలిప్స్ కావు, జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) రకం. ఫిలిప్స్ బిట్టు అడుగుదాకా కూర్చోక జారి తలను తినేస్తుంది. జేఐఎస్ బిట్టు పెట్టి, స్క్రూ చుట్టూ అల్యూమినియాన్ని హీట్ గన్‌తో వేడిచేసి, దెబ్బకు తిరిగే చేతి ఇంపాక్ట్ డ్రైవర్‌ను సుత్తితో ఒక్క గట్టి దెబ్బ కొట్టండి. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది, అందుకే పట్టు వదులుతుంది. తిరిగి బిగించేటప్పుడు ఆలెన్ బోల్టులు వాడుకోవచ్చు. కానీ వాటితో మరీ బలంగా బిగించడం తేలిక. ఎం6 (6 మి.మీ. మందం) బోల్టుకు 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు దాటితే కేసు మరలు ఊడి రావచ్చు.

ప్రశ్న: ఫ్రేముకు పౌడర్ కోటింగ్ చేయించి బిగించాక లైట్లు మినుకుమంటున్నాయి, హారన్ సన్నగా మోగుతోంది. వైర్లన్నీ కొత్తవే.

జవాబు: ఎర్త్ పోయింది. పౌడర్ కోటింగ్ కరెంటును పోనివ్వదు. హారన్ నొక్కి పట్టి, మల్టీమీటర్‌తో బ్యాటరీ ఎర్త్ కొసకూ హారన్ ఎర్త్ కొసకూ మధ్య వోల్టేజి చూడండి. 0.2 వోల్టు దాటితే దారిలో ఎక్కడో అడ్డు ఉన్నట్టే. ఎర్త్ బోల్టు కింద రూపాయి బిళ్లంత మేర లోహం మెరిసేదాకా గీకి, పళ్ల వాషరు వేసి బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాయండి. బ్యాటరీ నుంచి ఇంజనుకు నేరుగా మరో ఎర్త్ వైరు వేయండి. హెడ్‌లైట్ ఎర్త్‌ను కూడా స్టీరింగ్ బేరింగుల మీద ఆధారపడనివ్వకుండా విడి వైరుతో ఫ్రేముకు తెచ్చి కలపండి. పాత బ్రిటిష్ బండి అయితే వైరు తగిలించే ముందు మాన్యువల్ చూసుకోండి. వాటిలో చాలావాటికి ఎర్త్ అయ్యేది పాజిటివ్.