ఆ సూది పక్కన పెట్టి, ముందు చాట్ వెతకండి

ప్రశ్న: మా అమ్మమ్మ చేతికి తేనె రంగు బేకలైట్ (పాతకాలపు గట్టి ప్లాస్టిక్) గాజులు ఉండేవి. ఆవిడ పోయాక అవి ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. అలాంటివే వెతికి వెతికి, ఆన్‌లైన్‌లో పాత నగలు అమ్మే ఒకాయన దగ్గర నాలుగు గాజులు కొన్నాను. 'ఇవి 1930ల నాటి అసలైన బేకలైట్' అని ఆయనే చాట్‌లో రాశాడు. బిల్లులో మాత్రం 'వింటేజ్ గాజులు - 4' అని ఉంది. పార్సిల్ అంది 19 నెలలైంది. మొన్న వేడినీళ్లలో ముంచి వాసన చూస్తే ఏమీ రాలేదు. వాటిలో ఒకటి పాలలా తెల్లగా ఉంది, లోపలివైపు అచ్చు గీత కూడా కనిపిస్తోంది. ఇదేమిటని అడిగితే నా నంబరు బ్లాక్ చేశాడు. ఈమధ్య నేను ఫోన్ మార్చాను, పాత చాట్ దాచుకోలేదు. కాల్చిన సూదితో గుచ్చి వీడియో తీస్తే నిజం తేలిపోతుందని స్నేహితురాలు అంటోంది. ఆయన మీద చీటింగ్ కేసు పెట్టవచ్చా? అమ్మమ్మ జ్ఞాపకంతో ఆడుకున్న మనిషిని ఊరికే వదలాలని లేదు.

జవాబు: ముందు ఆ సూది పక్కన పెట్టండి. ఎందుకో చెబుతాను, దానికంటే ముందు అసలు విషయం.

మీ ఉత్తరం అమ్మమ్మతో మొదలై అమ్మమ్మతోనే ముగిసింది. కేసును నిలబెట్టేది మాత్రం ఒకే ఒక్క వాక్యం, ఆయన చాట్‌లో రాసిన 'అసలైన బేకలైట్' అన్న మాట. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, ఫలానాది అని చెప్పి అమ్మిన సరుకు ఆ మాటకు సరిపోవాలి. ఈ షరతు విడిగా రాసుకోకపోయినా ఉన్నట్టే లెక్క. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) ప్రకారం, సరుకు నాణ్యత గురించో, అది దేనితో తయారైందన్న దాని గురించో అబద్ధం చెప్పి అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి. అదే సెక్షన్‌లో పాత సరుకును కొత్తదని అమ్మడం గురించి ప్రత్యేకంగా రాశారు. కొత్తదాన్ని పాతదని అమ్మడం గురించి అలా విడిగా రాయలేదు. కాబట్టి మీ కేసు ప్రధానంగా పదార్థం మీద నడవాలి, వయసు మీద కాదు.

మీరు ఈ రెండింటినీ కలిపేశారు. ఇది బేకలైట్ కాదన్నది ఒక ఆరోపణ, 1930ల నాటిది కాదన్నది ఇంకో ఆరోపణ. మొదటిదాన్ని ల్యాబ్ తేల్చగలదు, రెండోదాన్ని అంత సులువుగా తేల్చలేదు. బేకలైట్ అంటే లియో బేక్‌లాండ్ 1907లో కనిపెట్టిన ఫినాల్-ఫార్మాల్డిహైడ్ రెసిన్, పొట్టిగా ఫినాలిక్. అది ఇప్పటికీ తయారవుతూనే ఉంది. రిపోర్టులో ఫినాలిక్ రెసిన్ అని వస్తే అది అప్పటిదో నిన్నటిదో ఆ కాగితం చెప్పదు. యాక్రిలిక్ అనో పాలిస్టైరిన్ అనో వేరే ప్లాస్టిక్ పేరు వస్తే మాత్రం అది ఏ కాలానిదైనా బేకలైట్ కాదు, ఆ ఒక్క మాట మీదే మీరు గెలవవచ్చు. అందుకే ఫిర్యాదులో రెంటినీ విడివిడి పేరాల్లో రాయించండి. ఒకటి వీగిపోయినా రెండోది నిలుస్తుంది.

ఇక మీరు ఇంట్లో చూసిన గుర్తులు. వేడి తగిలితే బేకలైట్‌కు ఫార్మాలిన్ లాంటి ఘాటు వాసన, సెల్యులాయిడ్ అనే ఇంకో పాత ప్లాస్టిక్‌కు కర్పూరం వాసన, పాల ప్రోటీన్‌తో చేసిన కేసీన్‌కు మాడిన పాల వాసన వస్తాయన్నది నిజమే. అయితే నీళ్ల వేడి చాలకపోయినా వాసన రాదు. సిమిక్రోమ్ అనే లోహపు పాలిష్‌తో రుద్దితే గుడ్డకు పసుపు మరక అంటుతుందంటారు. నల్ల గాజులు, బాగా సానపట్టినవి అసలైనవే అయినా చాలాసార్లు ఆ మరక ఇవ్వవు. తెల్లటి ఫినాలిక్ కాలం గడిచేకొద్దీ పసుపుబారి మీగడ రంగులోకీ, ఆపైన తేనె రంగులోకీ తిరుగుతుంది కాబట్టి మీ పాలతెలుపు గాజును అనుమానించాల్సిందే. కానీ పైపొర తీసేసి మళ్లీ పాలిష్ పట్టినా లోపలి తెలుపు బయటపడుతుంది. అచ్చు గీత సంగతీ అంతే. పోతపోసిన ఫినాలిక్‌ను గొట్టాలుగా తీసి, ముక్కలు కోసి, చెక్కి గాజులు చేసేవారు కాబట్టి వాటికి మామూలుగా గీత ఉండదు. అచ్చులో ఒత్తి చేసిన బేకలైట్‌కు ఉండొచ్చు. ఎదుటి లాయరు ఈ ఒక్క ప్రశ్న అడిగితే మీ గీత సాక్ష్యం అక్కడితో ఆగిపోతుంది. ఈ గుర్తులన్నీ కేసు వేయాలా వద్దా అని మీరు నిర్ణయించుకోవడానికి పనికొస్తాయి, వినియోగదారుల కమిషన్‌ను ఒప్పించడానికి చాలవు.

ఇప్పుడు సూది. బేకలైట్ ఒకసారి గట్టిపడ్డాక వేడికి మళ్లీ మెత్తబడదు, యాక్రిలిక్ మెత్తబడుతుంది, కాబట్టి సూది దిగితే అది నకిలీ అని మీ స్నేహితురాలి లెక్క. లెక్క తప్పు కాదు. కానీ ఆ గాజు సెల్యులాయిడ్ అయితే? నైట్రోసెల్యులోజ్‌లో కర్పూరం కలిపి చేసే సరుకు అది, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. చెయ్యి కాలడం సంగతి అలా ఉంచండి. ఆ రంధ్రం అవతలివాళ్లకు మీరు చేజేతులా అందించే డిఫెన్స్. 'మేం ఇచ్చినప్పుడు చక్కగా ఉంది, ఆమే కాల్చి పాడుచేసింది, వెనక్కి తీసుకోం' అంటారు. వీడియోలో ఉన్నది తాము అమ్మిన గాజే కాదని కూడా అంటారు. డబ్బు వాపసు అడిగేవాళ్లు సరుకును అందుకున్నది అందుకున్నట్టుగా తిరిగి ఇవ్వగలగాలి. నాలుగింటిలో ఒక్కదానికీ ఇకపై సూది, నీళ్లు, పాలిష్ తగలనివ్వకండి.

చీటింగ్ కేసు సంగతి. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద నేరం రుజువు కావాలంటే, మోసం చేయాలన్న ఉద్దేశం అమ్మేనాటికే ఉందని చూపాలి. పాత నగలు అమ్మేవాళ్లలో తాము అమ్మేది ఏమిటో తమకే తెలియనివాళ్లు ఉంటారు. 'నేనూ బేకలైట్ అనుకునే కొన్నాను' అని ఆయన అంటే మీరు చిక్కుల్లో పడతారు. వస్తు విక్రయ చట్టం 15వ సెక్షన్‌కు ఉద్దేశంతో పనిలేదు, సరుకు మాటకు సరిపోలేదని చూపితే చాలు.

కాలపరిమితి గురించి మీరు ఒక్క ముక్క కూడా అడగలేదు. నాకు అన్నిటికంటే భయంగా ఉన్నది అదే. వినియోగదారుల చట్టం 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్య కారణం (కేసు వేయడానికి ఆధారమైన సంగతి) పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. మోసం నాకు మొన్ననే తెలిసింది కదా అన్న ధీమాతో ఉండకండి. పార్సిల్ అందిన తేదీ నుంచే లెక్కపెట్టుకోండి. ఆ లెక్కన మీకు మిగిలింది ఐదు నెలలు. నోటీసు ఇచ్చినంత మాత్రాన, ఉత్తరాలు నడిపినంత మాత్రాన గడువు పెరగదు. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు, మన్నించి తీరాలని లేదు.

ఫోన్ మార్చేటప్పుడు చాట్ దాచుకోకపోవడం మామూలు అశ్రద్ధ కాదమ్మా. మీ బిల్లులో బేకలైట్ అన్న మాటే లేదు, 'వింటేజ్' అని మాత్రమే ఉంది. ఆ చాట్ పోతే కేసు కూడా దాదాపు పోయినట్టే. పాత ఫోన్ ఇంట్లో ఉంటే దాన్ని రీసెట్ చేయకండి, ఎవరికీ ఇవ్వకండి. బ్యాకప్‌లో, కంప్యూటర్‌కు కలిపిన ఖాతాలో చూడండి. ఆయన అమ్మకపు పేజీలో అదే మాట ఇంకా ఉంటే, తీసేయకముందే తేదీ, చిరునామా కనిపించేలా భద్రపరచండి. చెల్లింపు రికార్డు, కొరియర్ చీటీ వెతకండి. ఎలక్ట్రానిక్ రికార్డు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయండి. అందులో ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేయాలి. కమిషన్ విచారణ సంక్షిప్తంగానే నడుస్తుంది, అయినా ఈ కాగితం లేదన్న అభ్యంతరానికి చోటివ్వడం దేనికి?

చాట్ దొరికితే దారి ఇది. నాలుగు గాజులనూ అన్ని వైపులా, పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయండి, తూకం రాసుకోండి. వేటికవి ఆమ్లం లేని కాగితంలో చుట్టి విడివిడిగా ఉంచండి. అన్నీ కలిపి గాలి ఆడని ప్లాస్టిక్ సంచిలో పెట్టకండి. వాటిలో సెల్యులాయిడ్ ఉండి చెడిపోవడం మొదలైతే, దాన్నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి పక్కవాటినీ పాడుచేస్తుంది. తర్వాత ఎఫ్‌టీఐఆర్ (పరారుణ కాంతితో పదార్థాన్ని గుర్తించే) పరికరం ఉన్న ల్యాబ్‌లో, నమూనా కోయకుండా ఉపరితలం మీదే పరీక్ష చేయించండి. ఫినాలిక్ అని వస్తే పదార్థం మీద కేసు లేదు, ఖర్చు అక్కడితో ఆపేయండి. కాదని వస్తే డబ్బు వాపసు కోరుతూ 15 రోజుల గడువుతో లాయరు నోటీసు పంపి, జవాబు వచ్చినా రాకపోయినా జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. మీరు నివసించే చోటే వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు.

మీ ప్రైవేటు రిపోర్టును ఆయన ఒప్పుకోడు. అందుకే ఫిర్యాదుతోపాటే వినియోగదారుల చట్టం సెక్షన్ 38(2)(సి) కింద గాజును సీలు వేసి, గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పంపమని దరఖాస్తు పెట్టండి. ఆ ఖర్చు ముందుగా మిమ్మల్నే కట్టమనవచ్చు. ధర, వడ్డీ, ఖర్చులతోపాటు మనోవేదనకు పరిహారమూ అడగవచ్చు. అమ్మమ్మ గురించి రాయాల్సిన చోటు అదే, ఒక్క పేరాలో రాయండి. ఇంకొక్క విషయం. వీటిలో ఏదైనా తిరిగి లాభానికి అమ్ముదామని ఆయనతో చాట్‌లో ఎక్కడైనా అని ఉంటే, మీరు వినియోగదారే కాదని వాదిస్తాడు. చాట్ దొరికిన రోజే మొదటి నుంచి చివరి దాకా చదివి, అలాంటి మాట ఉంటే దాచకుండా మీ లాయరుకు చూపించండి.