పాత పొక్లెయిన్‌లో కమ్యూనికేషన్ ఎర్రర్: అమ్మినవారిని అడగవచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. పదేళ్లు వేరేవాళ్ల దగ్గర ఆపరేటర్‌గా చేశాను. ఈమధ్య ఫైనాన్స్ తీసుకుని, హైదరాబాద్‌లో పాత బండ్లు అమ్మే ఒక యార్డులో 20 టన్నుల పొక్లెయిన్ 23 లక్షలకు కొన్నాను. నేనే నడుపుకుంటున్నాను. పదకొండో రోజు నుంచి మానిటర్ మీద కమ్యూనికేషన్ ఎర్రర్ వస్తోంది. ఇంజిన్ ఆర్‌పీఎం పడిపోతుంది, ఒక్కోసారి బూమ్ లేవదు. క్యాబిన్ కింద వైరింగ్‌లో పాత అతుకులు ఉన్నాయని మెకానిక్ చూపించాడు. కొనేముందు యార్డువాళ్లు వాట్సాప్‌లో ‘ఏ కంప్లయింటూ లేదు, రేపే పనికి పెట్టుకోవచ్చు’ అని రాశారు. ఇప్పుడేమో ‘ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నానని సంతకం పెట్టావు’ అంటున్నారు. నాకు దారేమైనా ఉందా?

జవాబు: ఉంది. అయితే చట్టం సంగతి తర్వాత. ఎవరైనా ల్యాప్‌టాప్ తగిలించి ‘కోడ్‌లు (బండిలో నమోదైన ఎర్రర్ నంబర్లు) క్లియర్ చేస్తే సరిపోతుంది’ అంటే ఒప్పుకోకండి. ఈ కేసులో మీకున్న గట్టి సాక్షి ఆ కోడ్‌ల చరిత్రే. చాలా బండ్లలో కంట్రోలర్, అంటే బండిని అదుపు చేసే చిన్న కంప్యూటర్, ఎర్రర్‌తో పాటు అది బండి నడిచిన ఏ గంటల దగ్గర మొదట వచ్చింది, చివర ఎప్పుడు వచ్చింది, ఎన్నిసార్లు వచ్చింది అన్నది కూడా దాచుకుంటుంది. మీకు బండి అప్పగించినప్పుడు బండి నడిచిన గంటలు చూపే ఆవర్ మీటర్ 9,400 గంటలు ఉండి, ఎర్రర్ మొదట 9,150 దగ్గర నమోదై ఉందనుకోండి. ‘నీ దగ్గరికొచ్చాకే పాడైంది’ అన్న వాదన అక్కడితో పోతుంది. అమ్మేముందు వాళ్లు చెరిపేసి ఉండొచ్చు కదా అంటారేమో. ఇంజిన్, పంపు కంట్రోలర్లు, మానిటర్ దేని లెక్క దానిదిగా ఉంచుకునే బండ్లలో ఒకచోట చెరిపినా మరోచోట మిగిలే అవకాశం ఉంది. అందుకే అన్నిటినీ చదివించండి. ఆవర్ మీటర్ గంటలు, ఇంజిన్ కంట్రోలర్‌లోని గంటలు కలుస్తున్నాయో లేదో కూడా చూడమనండి.

బండిని పరీక్షించే మెకానిక్ తన రిపోర్టులో ‘కమ్యూనికేషన్ ఫాల్ట్ ఉంది’ అని ఒక్క ముక్క రాస్తే కోర్టులో నిలవదు. ఈ బండ్లలో కంట్రోలర్లు మెలివేసిన రెండు వైర్ల మీద మాట్లాడుకుంటాయి. దాన్ని కాన్ లైన్ అంటారు. జే1939 అనే, భారీ బండ్లకు వాడే పద్ధతిలో నడిచే లైన్‌కు రెండు కొసలా 120 ఓముల (ఓము అంటే విద్యుత్ నిరోధాన్ని కొలిచే ప్రమాణం) రెసిస్టర్లు ఉంటాయి. కాబట్టి బ్యాటరీ కనెక్షన్ తీసి ఆ రెండు వైర్ల మధ్య కొలిస్తే దాదాపు 60 ఓములు రావాలి. 120 వస్తే ఎక్కడో తీగ తెగిందనో, ఒక కొస రెసిస్టర్ పోయిందనో అర్థం. సున్నాకు దగ్గరగా వస్తే రెండు వైర్లూ ఒకదానికొకటి తగులుతున్నాయి. మీ బండిలో తప్పు వచ్చిపోయే రకం కాబట్టి నిలబెట్టి కొలిస్తే 60 చక్కగా రావచ్చు. అతుకుల దగ్గర హార్నెస్‌ను (వైర్ల కట్టను) కదుపుతూ కొలవాలి. ఏ చోట, ఎంత రీడింగ్, ఎవరి సమక్షంలో అన్నీ రాసి సంతకం చేయించండి.

ఇంత పట్టింపు ఎందుకంటే, వస్తు విక్రయ చట్టం, 1930లోని 16వ సెక్షన్ అమ్మేవాడి మీద ఒక బాధ్యత పెడుతుంది. ఆ రకం సరుకు అమ్మడమే అతని వ్యాపారమైతే, కొనేవాడు ఫలానా పనికని చెప్పి అతని నైపుణ్యం మీద ఆధారపడితే, సరుకు ఆ పనికి తగినదై ఉండాలి. అదే సెక్షన్ కింద సరుకు అమ్మకానికి తగిన నాణ్యతతోనూ ఉండాలి. అయితే కొనేవాడు సరుకు పరీక్షించి ఉంటే, ఆ పరీక్షలో బయటపడాల్సిన లోపం గురించి ఈ నాణ్యత వాదన చేయలేడు. ‘పదేళ్ల ఆపరేటర్‌వి, చూసుకోలేదా?’ అని అవతలి వకీలు తప్పకుండా అడుగుతాడు. లివర్లు తిప్పి చూసినవాడికి క్యాబిన్ నేల కింద టేపు చుట్టిన అతుకు కనబడదని చెప్పడానికే ఆ కొలతలు. కొన్న రోజునే మానిటర్ మీద ఎర్రర్ వెలుగుతుండగా మీరు ఊరుకుని ఉంటే మాత్రం కేసు బలహీనపడుతుంది. అలాంటిదేదైనా జరిగి ఉంటే మీ వకీలు దగ్గర దాచకండి.

‘ఉన్నది ఉన్నట్టుగా’ కాగితాన్ని తేలిగ్గా తీసుకోలేం. చట్టం చెప్పకనే చెప్పే హామీలను ఒప్పందంతో తీసేయవచ్చని వస్తు విక్రయ చట్టంలోని 62వ సెక్షన్ ఒప్పుకుంటుంది. కానీ ఆ సంతకం మోసాన్ని కప్పలేదు. కాంట్రాక్టు చట్టం, 1872లోని 17వ సెక్షన్ ప్రకారం ఊరికే మౌనంగా ఉండటం సాధారణంగా మోసం కాదు. తెలిసిన లోపాన్ని పనిగట్టుకుని దాచడం మోసమే. అమ్మేముందు కోడ్‌లు చెరిపి, పాత అతుకు మీద కొత్త టేపు చుట్టారని తేలితే అది దాచడం. ఇక మీ వాట్సాప్ మెసేజ్ మౌనం కూడా కాదు.

ఏ కోర్టుకు వెళ్లాలన్నది బండి సీట్లో ఎవరు కూర్చుంటున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 వ్యాపారం కోసం కొన్నవారిని పక్కన పెట్టినా, స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే కొని వాడుకునేవారిని వినియోగదారులుగానే చూస్తుంది. ఒకరిద్దరు సాయానికి ఉన్నా ఇబ్బంది లేదని లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. మీరే నడుపుతున్నారు కాబట్టి నా ఉద్దేశంలో మీకు ఆ తలుపు తెరిచే ఉంది. చెల్లించిన ధర 50 లక్షల లోపు గనక, మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, ఖమ్మంలోనే, రెండేళ్లలోపు వేయవచ్చు. ఆ చట్టం ‘లోపం’ అనే మాటకిచ్చిన అర్థంలో, వ్యాపారి ఏ విధంగానైనా చెప్పుకున్న నాణ్యత లేకపోవడం కూడా ఉంది. ఆ మెసేజ్ ఇక్కడ బాగా పనికొస్తుంది. అదే మీరు రెండు మూడు బండ్లు కొని జీతానికి ఆపరేటర్లను పెట్టి ఉంటే వాణిజ్య కోర్టు దారి పట్టాలి. అక్కడ అత్యవసర ఉత్తర్వులు కోరనప్పుడు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి.

మెసేజ్‌లు, కోడ్‌లు చదివించి తీసిన డయాగ్నస్టిక్ ప్రింటు రుజువుగా నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం మీది, మరొకటి నిపుణుడిది. ఫోన్ మార్చకండి, చాట్ డిలీట్ చేయకండి.

ఈ వారంలోనే వకీలు నోటీసు పంపండి. ఫలానా తేదీన, ఫలానా చోట బండి పరీక్ష చేయిస్తున్నామని, వచ్చి చూసుకోమని అందులో రాయండి. రాకపోతే ఆ సంగతి రిపోర్టులో రాయించి, వీడియో తీసి పని కానివ్వండి. తర్వాత రిపేరు చేయించుకోండి. నష్టం తగ్గించుకునే వీలుండి కూడా బండిని నెలల తరబడి నిలబెట్టి బాడుగ మొత్తం అడిగితే, కాంట్రాక్టు చట్టంలోని 73వ సెక్షన్ కింద అంతా రాదు. తీసిన పాత హార్నెస్‌ను మాత్రం సీల్ చేసి దాచండి.

బండి తిరిగిచ్చి డబ్బంతా వెనక్కి తీసుకోవడం కష్టమనే నేను చెబుతాను. సరుకు స్వీకరించి వాడుకున్నాక వస్తు విక్రయ చట్టం సాధారణంగా నష్టపరిహారానికే పరిమితం చేస్తుంది. మోసం గట్టిగా రుజువైతే ఒప్పందం రద్దు అడగవచ్చు. కానీ మోసం తెలిశాక కూడా రోజూ పనికి తిప్పుతుంటే ఆ హక్కు కరిగిపోతుంది. రద్దు కావాలో, పరిహారం కావాలో పరీక్ష రిపోర్టు రాగానే తేల్చుకోండి. రిపేరు ఖర్చు, ఆగిన పనిదినాల నష్టం అడగడమే మీకు దగ్గరి దారి అని నాకు అనిపిస్తోంది.

పోలీసు కేసు పెడితే భయపడి ఇచ్చేస్తారని కొందరు అంటారు. అమ్మేనాటికే మోసపు ఉద్దేశం ఉందని చూపే రుజువు చేతికి రాకముందు ఆ పనికి పోకండి. సివిల్ తగాదా అని పక్కన పెట్టేస్తే మీ కాలమే వృథా అవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఫైనాన్స్ కిస్తీలు ఆపకండి. అప్పు ఒప్పందం వేరు, అమ్మకం వేరు. కిస్తీ తప్పి బండి ఫైనాన్స్ వాళ్లు పట్టుకెళ్తే, పరీక్షకు పెట్టాల్సిన బండే మీ చేతిలో ఉండదు.