ఇంజన్‌లో తెగి ఇరుక్కుపోయిన బోల్టును ఎలా తీయాలి?

ఇంజన్‌లో బోల్టు తల తెగినా మొన కాస్త పైకి కనిపిస్తుంటే, దానిపై నట్టు పెట్టి, నట్టు రంధ్రంలో వెల్డింగ్ చేసి, చల్లారాక స్పానర్‌తో ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా కదుపుతూ విప్పడమే నమ్మకమైన పద్ధతి (బ్యాటరీ వైరును ముందే ఊడదీయాలి). వేడికి వ్యాకోచించిన ముక్క చల్లారేటప్పుడు కుంచించుకుపోవడంతో, థ్రెడ్ల మధ్య తుప్పు పట్టు సడలుతుంది. పైగా ఉక్కు వెల్డింగ్ ఇంజన్ పైభాగమైన అల్యూమినియం హెడ్‌కు అతుక్కోదు. ఒడిశాలో గోపాల్‌పూర్ సముద్రతీరపు ఉప్పుగాలి తగిలే బరంపురం వైపు కార్లలో, సైలెన్సర్‌కు దారితీసే మానిఫోల్డ్ బోల్టులు ఎర్రటి పొడి రాలుతూ తెగడం ఇలా తుప్పుతో బోల్టులు ఇరుక్కుపోవడానికి ఉదాహరణ. ముక్కకు రంధ్రం వేసి, అందులో బిగిసి ముక్కను విప్పే ఎక్స్‌ట్రాక్టర్‌ను తిప్పితే చాలునని చాలామంది అనుకుంటారు గానీ, గట్టిపరచిన ఉక్కుతో చేసిన ఆ పనిముట్టు పెళుసుగా ఉంటుంది. అది లోపలే విరిగితే మామూలు డ్రిల్ బిట్టు దానిపై జారుతుందే తప్ప దాన్ని కోయలేదు.