కోనసీమ బాలికల బడి: దాతల రాళ్ళ మీద లేని ఆయమ్మ

గోదావరి జిల్లాల్లో ఊరి కమిటీలు నడిపిన పాత బాలికల హైస్కూళ్ళు ఎలా మొదలయ్యాయి, హాస్టల్ లేకుండా అన్నేళ్ళు ఎలా నిలబడ్డాయి, వాటి ఆచారాలేమిటి అని అడిగారు. కోనసీమలో అలాంటి బడిలోనే ఆరు నుంచి పది దాకా చదివాను. తర్వాత వార్షికోత్సవ సంచిక కోసం పాత రిజిస్టర్లు తిరగేసే పని కూడా నాకే అప్పగించారు. చూసిందీ విన్నదీ కలిపి చెప్తాను.

మా వైపు ఈ కథ ధవళేశ్వరం నుంచి చెప్పుకోవాలి. కందుకూరి వీరేశలింగం గారు 1874లో అక్కడ ఆడపిల్లలకు బడి పెట్టారు. తర్వాత రాజమండ్రి ఇన్నీసుపేటలో ఇంకొకటి. 1883లో ఆడవాళ్ళ కోసం సతీహితబోధిని పత్రిక తెచ్చారు. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిందీ ఆ ధవళేశ్వరంలోనే. కాలువల కింద పంట నిలిచి, రైతుల చేతిలో నాలుగు డబ్బులు ఆడబట్టే తర్వాతి తరాల్లో బడికి స్థలం రాసిచ్చేవాళ్ళు, నూర్పిళ్ళయ్యాక ధాన్యం కొలిచేవాళ్ళు మా ఊళ్ళో దొరికారు. దాతల పేర్లు చెక్కిన రాళ్ళు మా బడి గోడకి వరసగా ఉండేవి.

ఆ రాళ్ళ మీద ఎక్కడా లేని మనిషి ఆయమ్మ. ఆవిడ లేకపోతే బడి నడిచేది కాదని నా గట్టి నమ్మకం. పొద్దున్నే వీధి వీధీ తిరిగి అరుగు దగ్గర నిలబడి, "అమ్మాయిని పంపండమ్మా" అని పిలిచి, పిల్లల్ని పోగేసుకుని కాలువ వంతెన దాటించేది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ముందే ఎవరి గుమ్మంలో వాళ్ళని అప్పజెప్పేది. పిల్లల్ని ఇళ్ళ నుంచి తీసుకురావడానికి జీతమిచ్చి ఒక ఆడమనిషిని పెట్టుకోవడం మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల నుంచే బాలికల బడుల్లో ఉంది. "పంతులమ్మ చదువు చూసి కాదే, ఆయమ్మని చూసి పంపాడు మా నాన్న" అనేది మా అమ్మమ్మ. రాత్రి బయట ఉండాల్సిన బడి అయితే ఎంత మంచిదైనా ఆ రోజుల్లో గడప దాటనిచ్చేవారు కాదు.

అమ్మమ్మ కూడా ఆ బడే. 1930ల నాటి అడ్మిషన్ రిజిస్టరులో ఆవిడ పేరు దొరికింది. 'బడి మానుటకు కారణము' అన్న గడిలో 'వివాహము' అని ఉంది. పైన ఆరుగురికి, కింద నలుగురికి అదే మాట, అదే చేతిరాత. పెళ్ళికి ఆడపిల్లకి పద్నాలుగేళ్ళు నిండాలన్న శారదా చట్టం 1930 ఏప్రిల్‌లోనే అమల్లోకి వచ్చింది. అయినా ఆ గడి మారడానికి చాలా ఏళ్ళు పట్టింది. తర్వాతి పుస్తకాల్లో పేజీ తిప్పే కొద్దీ ఆ మాట పలచబడి, ఎస్సెల్సీ, అంటే అప్పటి హైస్కూలు ఆఖరి పరీక్ష, పాసైనవాళ్ళు కనిపిస్తారు. ఆ రిజిస్టరు ముందు చాలాసేపు కూర్చుండిపోయాను. పెళ్ళి ముహూర్తానికి అమ్మమ్మకి పన్నెండు కూడా నిండలేదు.

ఇక ఆచారాలు. ఎనిమిదో తరగతి నుంచి లంగా ఓణీయే యూనిఫాం, రెండు జడలు, రిబ్బన్లు. సంక్రాంతి సెలవులకి ముందు హాల్లో బొమ్మల కొలువు. ఇవన్నీ చాలా బళ్ళలో ఉన్నవే. మాకు ప్రత్యేకం అట్లతద్ది. ఆ రోజు తెల్లవారుజామునే లేచి, గోంగూర పచ్చడి, పెరుగు వేసుకుని అన్నం తిని, ఉయ్యాలలూగి, ఆపైన చంద్రుణ్ణి చూసేదాకా ఉపవాసం కదా. అందుకని గంట ఆలస్యంగా బెల్లు కొట్టేవారు. పరీక్ష పెట్టరు, డ్రిల్ పీరియడ్ ఉండదు. ఎర్రగా పండిన చేతులతో డెస్కు మీద తల వాల్చి నిద్రపోతున్నా మా లెక్కల టీచరు లేపేవారు కాదు. ఇంట్లో పండగకీ బడికీ పోటీ రాకుండా చూసుకోవడం వాళ్ళకి బాగా తెలుసు. పండగ పేరు చెప్పి పిల్లని మాన్పించే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు.

రెండోది పిడికెడు బియ్యం. 1986 ఆగస్టు వరదలో లంక గ్రామాల వాళ్ళు మా బడిలో తలదాచుకున్నారు. బెంచీలన్నీ వరండాలో పేర్చి గదులు వాళ్ళకిచ్చాం, పెద్ద క్లాసు పిల్లలం వంటకి సాయం చేశాం. మరుసటి ఏడాది నుంచి ఆగస్టులో ఒక రోజు ప్రతి పిల్లా ఇంటి నుంచి పిడికెడు బియ్యం తేవాలని పెద్ద టీచరు గారు పెట్టారు. అది ఇప్పటికీ నడుస్తోందని తెలిసి చాలా సంతోషమేసింది.

మీరు మీ ఊరి బడి చరిత్ర రాసే ఆలోచనలో ఉంటే కమిటీ మినిట్స్ పుస్తకాల కంటే ముందు అడ్మిషన్ రిజిస్టర్లు అడగండి. మా బడిలో కొన్ని ఇప్పటికే చెదలు పట్టిపోయాయి, పేజీలు ఫోన్లో ఫొటోలు తీసిపెట్టుకోండి. ఆయమ్మల పేర్లు మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకవు. ఎనభై దాటిన పూర్వ విద్యార్థినుల్ని ఇళ్ళకి వెళ్ళి అడిగి, వెంటనే రాసుకోండి.