తాగింది తనైతే కౌన్సెలింగ్‌కి నేనెందుకు?

ప్రశ్న: మా ఆయన తాగుడు మానాలని ట్రీట్‌మెంట్‌లో చేరి రెండు నెలలైంది, ఇంతవరకూ ముట్టుకోలేదనే చెప్తున్నాడు. ఇప్పుడు కౌన్సెలర్ ఇద్దరూ కలిసి రండి అంటోంది. నాకు ఒళ్ళు మండింది. ఎనిమిదేళ్ళు తాగింది తను, అబద్ధాలాడింది తను, మధ్యలో నేనెందుకు, నా వల్లే తాగాడని చెప్పడానికా? ఇప్పటికీ తను బాత్రూంలో పది నిమిషాలుంటే నాకు దడ, ఇంటికి రాగానే ఏదో వంకతో దగ్గరికెళ్ళి వాసన చూస్తా. తప్పని తెలుసు, ఆగలేను.

జవాబు: మీ వల్ల తాగాడని ఆ గదిలో ఎవరైనా అంటే లేచి వచ్చేయండి, వాళ్ళకి పని తెలీదన్నమాట. మిమ్మల్ని పిలిచేది ఆ వాసన చూడటం గురించే. మీరు వాసన చూస్తారు, అది ఆయనకి తెలిసిపోతుంది, ముఖం మాడ్చుకుంటాడు, ఆ ముఖం చూసి మీకు ఇంకా అనుమానం, ఇద్దరికీ గొడవ. మందు పోయినా గొడవ మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది కదా, మళ్ళీ తాగడానికి అదొక్కటి చాలు.

ఇలా ఇద్దరూ కలిసి వెళ్ళే కౌన్సెలింగ్‌ని బిహేవియరల్ కపుల్స్ థెరపీ అంటారు. బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాల్లో (నైస్, 2011) వారానికో గంట చొప్పున 12 వారాలు అని ఉంది. డ్రగ్స్ వాడేవాళ్ళకీ దాదాపు ఇదే పద్ధతి. అందులో నాకు బాగా నచ్చేది రోజూ చేసే రెండు నిమిషాల పని. ఒక టైమ్ పెట్టుకుని ఎదురెదురుగా కూర్చుంటారు. ఆయన "నిన్న తాగలేదు, ఇవాళ తాగను, తోడున్నందుకు థాంక్స్" అంటాడు. మీరు "నిన్న తాగనందుకు థాంక్స్" అంటారు. క్యాలెండర్ మీద టిక్ పెడతారు. అంతే, మిగతా రోజంతా పాత లెక్కలు తీయకూడదు, రేపేమవుతుందో అని ఎత్తకూడదు, అవి సెషన్ కోసం దాచుకోవాలి. మొదటి వారం నాటకం వేస్తున్నట్టే ఉంటుంది, నవ్వొస్తే నవ్వండి. కానీ అడగకుండానే రోజుకోసారి ఆయన నోటితో వింటుంటే ముక్కుతో కనిపెట్టాల్సిన అవసరం మెల్లగా తగ్గుతుంది.

డాక్టర్ డైసల్ఫిరామ్ (తాగుడు మాన్పించడానికి ఇచ్చే టాబ్లెట్) రాసి ఉంటే అదీ ఆ టైమ్‌లోనే మీ ముందు వేసుకోవచ్చు. ఆయనకి తెలియకుండా తిండిలో కలపడం మాత్రం వద్దే వద్దు (ఎంతమంది అడుగుతారో ఈ మాట!). దాని మీద తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదకి రావచ్చు, ఆఖరి టాబ్లెట్ వేసుకున్న 14 రోజుల వరకూ ఆ ప్రమాదం ఉంటుంది.

ఒక్కటి దాచకుండా చెప్పండి, ఆయన చెయ్యి చేసుకుంటాడా? అయితే కలిసి కూర్చునే సెషన్లు ఇప్పుడు వద్దు, ఒంటరిగా కౌన్సెలర్‌ని కలిసి ఆ విషయం చెప్పండి.

ప్రశ్న: నా భార్య నిద్రమాత్రలకి అలవాటు పడింది, ఒప్పుకోదు. నేనొక్కడినే వెళ్తే ఉపయోగముందా?

జవాబు: ఉంది. క్రాఫ్ట్ అని ఒక పద్ధతి, రాబర్ట్ మేయర్స్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ తయారుచేసింది, అచ్చంగా మీలాంటి వాళ్ళ కోసమే. తాగేవాళ్ళ ఇంట్లోవాళ్ళకి ఇది నేర్పించి 1999లో వేసిన స్టడీలో 64 శాతం మంది విషయంలో రానన్నవాళ్ళు ట్రీట్‌మెంట్‌కి వచ్చారు. మామూలుగా ఉన్నప్పుడు ఆమెతో కూర్చోండి, కబుర్లు చెప్పండి, మత్తులో ఉన్నప్పుడు వాదించకుండా పక్క గదిలోకి వెళ్ళిపోండి. ఆమె ఆఫీసుకి ఫోన్ చేసి జ్వరమని అబద్ధం చెప్పడం మానేయండి. మాత్రలు లాక్కుని పారేయడం మాత్రం చేయకండి, చాలా రోజులుగా వాడేవాళ్ళకి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, డాక్టరే మెల్లగా తగ్గించాలి. ఎప్పుడో ఒక రోజు ఆమే "ఇలా ఎన్నాళ్ళు" అంటుంది చూడండి, డాక్టర్ మాట ఎత్తాల్సింది అప్పుడు, అపాయింట్‌మెంట్ నంబర్ ముందే కనుక్కుని పెట్టుకోండి.