‘రాయలవారి కాలానికి వెళ్ళిపోయాం’ అని రాసిన అమ్మాయికి

అమ్మాయీ,

కృష్ణదేవరాయల కాలం కథతో తీసిన ‘మల్లీశ్వరి’ సినిమా సంగీతం మీద నువ్వు పంపిన వ్యాసం అందింది. ‘ఆకాశవీధిలో’ పాటలో ఇద్దరూ చెరో చోట ఉండి ఒకే మేఘంతో మాట్లాడుకుంటున్నారన్నావే, ఆ మాట ఉంచు. ‘అద్భుతం’ పదకొండుసార్లు వచ్చింది, పదకొండూ కొట్టెయ్. అవన్నీ సహించాను గానీ పంటికింద రాయిలా తగిలింది నీ చివరి వాక్యం: ‘ఈ పాటలు వింటుంటే సాక్షాత్తూ రాయలవారి కాలానికి వెళ్ళిపోతాం.’

ఏ కాలానికమ్మా? కృష్ణదేవరాయలు ఏలింది 1509 నుంచి 1529 దాకా. సత్రంలో కథానాయిక మల్లి పాడే ‘పిలచిన బిగువటరా’ది జావళి (చిన్న శృంగార గీతం) నడక. జావళి 19వ శతాబ్దపు సరుకు. వయొలిన్ మన కచేరీలోకి బాలస్వామి దీక్షితుల చేతుల మీదుగా వచ్చింది, అదీ 19వ శతాబ్దం మొదట్లోనే. ఇరవైనాలుగు మెట్లు బిగించిన ఇప్పటి వీణను తంజావూరు రఘునాథ నాయకుడి పేరు మీద చెప్పుకుంటారు. ఆయన 17వ శతాబ్దపు మనిషి. సినిమాలో రాయల కాలానికి కాస్త దగ్గరగా నిలబడేది ‘ఉషాపరిణయం’ ఘట్టం, ఎందుకంటే అది పాటా ఆటా కలిపి కథ చెప్పే యక్షగానం. మనకు దొరికిన తెలుగు యక్షగానాల్లో పాతదని చెప్పే కందుకూరి రుద్రకవి ‘సుగ్రీవ విజయం’ 16వ శతాబ్దానిదే. దాని గురించి నీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు!

సంగీతం కట్టిన సాలూరి రాజేశ్వరరావుగారిని తప్పు పడుతున్నాననుకోకు. రాయల కొలువులో పాట ఎలా వినిపించేదో చెప్పడానికి ఎవరి దగ్గరా రికార్డు లేదు. పాతకాలపు కథకు సంగీతం కట్టడంలో సగం పని తీసివేతే. విన్నవాడికి ‘ఇది మొన్నటిదే’ అనిపించే ధ్వనులను గుమ్మం బయటే ఆపేయాలి. సినిమా వచ్చిన 1951లో బొంబాయి పాటల్లో క్లబ్బు డాన్సుల లయలు హోరెత్తుతున్నాయి. ‘మల్లీశ్వరి’లో వాటి పొడ ఎక్కడా లేదు. ఆ ఖాళీలోకి పాటలు రాసిన దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి మాటలు వచ్చి కూర్చున్నాయి. మనం పాతకాలం అనుకుంటున్నదాంట్లో చాలా భాగం ఆ మాటలదే. ఇప్పటి చారిత్రక సినిమాలది తిరగబడ్డ లెక్క. రాజు గడప దాటితే చాలు, వందల డోళ్ళు, సంస్కృతంలా వినిపించే అర్థంలేని కేకలు. దానికి ‘ప్రామాణికం’ అని పేరు పెట్టే సమీక్షకులూ ఉన్నారు. వాళ్ళ దారిన పోకు.

ఎలా రాయాలో చెబుతాను. సినిమా మూడుసార్లు పెట్టుకో. మొదటిసారి ఊరికే చూడు. రెండోసారి తెరమీద తువ్వాలు కప్పి విను. మూడోసారి శబ్దం పూర్తిగా తీసేసి చూడు. సంగీతం లేకపోతే ఏ సన్నివేశం చప్పబడిందో, ఏది చెక్కుచెదరలేదో అప్పుడు తేలుతుంది. వినేటప్పుడు నోటుపుస్తకంలో ఐదు గళ్ళు గీసుకో: ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది (నిమిషం, సెకను), ఏ వాయిద్యం, పైన మాటలున్నాయా, కథలోని మనుషులకు అది వినిపిస్తోందా. ఈ ఐదో గడి నింపకుండా చారిత్రక సినిమా మీద కలం పెట్టకు. సత్రంలో పాటను మారువేషంలో ఉన్న రాయలు వింటున్నాడు. అది కథలో జరిగిన పాట, దాన్ని కాలం లెక్క అడగొచ్చు. నేపథ్యంలో మోగేది మల్లికీ వినపడదు, ఆమె బావ నాగరాజుకీ వినపడదు, మన కోసం మాత్రమే. అక్కడ వయొలిన్ ఉందని తగువు పెట్టుకోవడం దండగ.

వాయిద్యం పోల్చుకోలేకపోతే ‘మీటే తీగ’, ‘కమానుతో లాగే తీగ’, ‘ఊదేది’ అని రాసుకో. తీగ మోగిన ప్రతిచోటా ‘వీణానాదం’ అని రాసెయ్యడం మనవాళ్ళకు రోగం. మీటిన తర్వాత వెనక సన్నగా జుయ్యిమంటూ ఇంకేదో సాగుతుంటే అది సితార్ కావచ్చు, దాని అడుగున తరఫ్ తీగలుంటాయి, మీటకుండానే పై తీగలతో పాటు వాటంతట అవే మోగేవి. వీణకు అవి లేవు. పక్కన మూడు తాళపు తీగలే. దాని గొంతు కాస్త గుండ్రంగా, బరువుగా ఉంటుంది.

శ్రుతి గురించి రాశావు చూడు, అక్కడ ఇంకో ప్రమాదం ఉంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. టీవీకీ డీవీడీకీ ఎక్కించేటప్పుడు చాలాసార్లు 25 చేస్తారు. 200 సెకన్ల పాట 192కు కుదించుకుపోతుంది, శ్రుతి ముప్పావు స్వరస్థానానికి (హార్మోనియం మీద పక్కపక్క మెట్ల మధ్య దూరం ఒక స్వరస్థానం) కొంచెం తక్కువగా పైకి జరుగుతుంది. 5 శ్రుతిలో పాడింది ఐదున్నరకు దగ్గరగా వినిపిస్తుంది. నీ తంబురా యాప్ ఏ శ్రుతికీ సరిగ్గా కుదరడం లేదంటే ముందు కాపీని అనుమానించు. మూడు గంటల సినిమా 2 గంటల 53 నిమిషాల్లోపే అయిపోతే కారణం ఇదే కావచ్చు.

పాటను గ్రామఫోను రికార్డులో విని సినిమా గురించి రాయకు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ రికార్డుకు ఒక పక్క పట్టేది మూడు నిమిషాల పైచిలుకు, అందుకని పాటలు కత్తిరించేవారు, లేదా రెండు పక్కలకూ పంచేవారు. ఆనాటి ఫిల్ము మీది శబ్దం 8 కిలోహెర్ట్జ్ దాటాక దాదాపు మిగలదు కాబట్టి ‘కంచుతాళాలు లేవు’, ‘తంబురా లేదు’ అని తీర్పులివ్వకు. ఉండి వినపడకపోయి ఉండొచ్చు. ‘స్టీరియో’ అని అమ్మే కొత్త కాపీల జోలికి వెళ్ళకు, అసలుది ఒకటే ట్రాకు.

రాగాల పట్టిక పూర్తిగా తీసెయ్. పాట పక్కన రాగం పేరుంటే సంపాదకులకు పండగ, మిగతాది కోసి ఆ జాగాలో ఫొటో వేసుకుంటారు. పేరు రాయాలనుంటే ఆరోహణ అవరోహణలు నువ్వే పాడి చూసి, ఏ చరణంలో ఏ స్వరం దారి తప్పిందో కూడా రాయి. అది చేతకాకపోతే పేరు వద్దు. టైటిళ్ళు నిదానంగా చదువు. వాద్యాల పని చూసిన అద్దేపల్లి రామారావుగారి పేరు నీ వ్యాసంలో ఎక్కడా లేదు.

ఈసారి వ్యాసం పంపకు. ‘ఉషాపరిణయం’ ఒక్కటే తీసుకుని ఆ ఐదు గళ్ళ కాగితం పంపు. నువ్వు విన్న కాపీ మొత్తం నిడివి పైన వెయ్యి.