ఆటలాడే పిల్లలకి ముందే ఈసీజీ తీయిస్తే గ్రౌండ్‌లో గుండె ఆగిపోయే ప్రమాదం తప్పుతుందా?

తగ్గే అవకాశం ఉంది, పూర్తిగా మాత్రం తప్పదు. 35 ఏళ్ల లోపు ప్లేయర్లలో ఇలా జరిగేది ఎక్కువగా కొవ్వు పేరుకుని బ్లాక్ అవ్వడం వల్ల కాదు, పుట్టుకతోనో వంశంలోనో వచ్చిన లోపాల వల్ల, అంటే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతీలో గుండె కండరం మందంగా అయిపోతుంది, లాంగ్ క్యూటీలో గుండె కరెంటు తేడాగా నడుస్తుంది, ఇవి మామూలప్పుడు ఏ ఇబ్బందీ పెట్టకపోవచ్చు కానీ ఫుల్ స్పీడులో పరిగెత్తేటప్పుడు లయ తప్పి మనిషి ఉన్నపళంగా కూలిపోతాడు. స్టెతస్కోప్‌తో చూస్తే చాలాసార్లు దొరకవు, ఈసీజీలో ఎక్కువ శాతం జాడ కనపడుతుంది.

ఇటలీనే చూడండి, 1982 నుంచి పోటీల్లో ఆడేవాళ్లకి ఈసీజీతో చెకప్ తప్పనిసరి చేశారు, వెనెటో ప్రాంతంలో 1979-80లో ఏడాదికి లక్ష మంది ప్లేయర్లకి 3.6గా ఉన్న ఈ మరణాలు 2003-04కి 0.4కి పడిపోయాయి. చాలా పెద్ద తేడా ఇది.

అందరూ పొరబడేది ఎక్కడంటే, ఈసీజీ నార్మల్ వచ్చింది కదా ఇక భయం లేదు అనుకోవడం. గుండెకి రక్తమిచ్చే నాళం తప్పు చోట నుంచి మొదలైతే ఈసీజీ నార్మల్‌గానే ఉండొచ్చు, వైరల్ జ్వరం తర్వాత గుండె కండరానికి వచ్చే వాపు అయితే టెస్ట్ చేయించిన ఆర్నెల్లకి కూడా రావచ్చు. అందుకే రిపోర్ట్ ఎలా ఉన్నా సరే, ఆడుతూ స్పృహ తప్పినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉన్నా ఆట ఆపించి కార్డియాలజిస్ట్‌కి చూపించాలి, గ్రౌండ్‌లో షాక్ ఇచ్చే ఏఈడీ మెషీన్, సీపీఆర్ తెలిసిన మనిషి ఉండి తీరాలి.